సామాజిక మార్పులో సామాజిక శాస్త్రవేత్తల పాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు ఇరవై ఏళ్లకు పైగా సమాజశాస్త్రం బోధిస్తూ, సెలవుల్లో వారిని వెంటబెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లలో సర్వేలు చేస్తూ వచ్చాను. ఈ కాలమంతా విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, ఊళ్లలో మమ్మల్ని ఆపి నిలదీసినవారు మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలను ఇక్కడ చేర్చి జవాబులు రాశాను. కొన్నిటికి నాలుగు వాక్యాలు సరిపోయాయి. కొన్నిటిని, ముఖ్యంగా కౌలు రైతుల విషయాన్ని, అంత తేలికగా వదలలేకపోయాను.

సామాజిక శాస్త్రవేత్త అంటే ఎవరు?

మనుషులు కలిసి బతికే తీరును ఒక పద్ధతి ప్రకారం అధ్యయనం చేసేవారందరూ సామాజిక శాస్త్రవేత్తలే. సమాజశాస్త్రం, ఆర్థికశాస్త్రం, మానవశాస్త్రం, రాజనీతిశాస్త్రం, చరిత్ర ఈ కోవలోకి వస్తాయి. గుంటూరు మిర్చి యార్డునే ఉదాహరణగా తీసుకుంటే, టిక్కీ (మిర్చి బస్తా) ధర ఈ వారం ఎందుకు పడిపోయిందో ఆర్థికశాస్త్రవేత్త చూస్తారు. రైతు తన సరుకును ఫలానా కమీషన్ కొట్టుకే ఎందుకు తోలాల్సి వస్తోందో, విత్తనాలకూ పురుగుమందులకూ తెచ్చిన అప్పు ఆ రైతును ఆ కొట్టుకు ఎలా కట్టిపడేసిందో, అప్పు పుట్టడంలో కులమూ చుట్టరికమూ ఎంత పనిచేశాయో సమాజశాస్త్రవేత్త అడుగుతారు. కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చిన కుటుంబాలు పొలాల పక్కన వేసుకున్న గుడారాల్లో ఎలా బతుకుతున్నాయో, బడి మానేసి వారి వెంట వచ్చిన పిల్లల చదువు ఏమవుతోందో తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త ఆ పంటకాలమంతా అక్కడే గడుపుతారు. ముగ్గురూ చూస్తున్నది ఒకే ఎర్ర కాయను.

సంఘ సంస్కర్తకూ సామాజిక శాస్త్రవేత్తకూ తేడా ఏమిటి?

సంస్కర్త ఒక అన్యాయాన్ని ఆపడానికి నడుం కడతాడు. ఆ అన్యాయం ఎంతమందిని, ఎక్కడ, ఎందుకు పట్టి పీడిస్తోందో నిర్ధారించి చెప్పడం శాస్త్రవేత్త పని. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు చేసింది సంస్కర్త పని. ఆయన ప్రాణాలకు తెగించి నిలబడకపోతే ఏ పట్టికా ఆ పెళ్లి జరిపించేది కాదు.

ఆ రోజుల్లోనే మన ప్రాంతంలో రెండో రకం పని కూడా జరిగింది, దాన్ని మనం తగినంతగా గుర్తుపెట్టుకోలేదు. విజయనగరం మహారాజు ఆదేశం మీద విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం తీసుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా ఒకటి తయారు చేయించారు. మూడేళ్ల కాలానికి ఆ జాబితాకెక్కిన పెళ్లిళ్లు 1,034. గురజాడ అప్పారావు 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ తొలి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఈ అంకె ఇచ్చి, జాబితా సమగ్రం కాదని కూడా చెప్పారు. పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవారు, నాలుగేళ్లవారు, మూడేళ్లవారు, ఆఖరుకు ఏడాది పిల్లలు కూడా ఉన్నారని వయసుల వారీగా చూపారు. నాటకం చూసి కడుపుబ్బ నవ్విన తరాలకు దాని వెనుక ఇలాంటి ఒక పట్టిక ఉందని తెలియదు. అప్పటికి సమాజశాస్త్రమనే చదువు మన దేశంలో లేదు. అయినా ‘ఇదేదో ఒకటి రెండు ఇళ్లలో జరిగే తప్పు, దాన్ని పట్టుకుని లోకానికి చాటుతారెందుకు’ అని తోసిపుచ్చే నోరు ఆ 1,034 ముందు మూతపడింది. సామాజిక శాస్త్రం చేయగలిగిన మొదటి మేలు ఇదేనని నా నమ్మకం.

లెక్కలన్నీ ప్రభుత్వమే తీస్తోంది కదా, మళ్లీ ఈ సర్వేలు ఎందుకు?

ప్రభుత్వం ప్రధానంగా తన రికార్డులో ఉన్నవారిని లెక్కిస్తుంది. రికార్డులో లేనివారు ఎవరు, ఎందుకు లేరు అన్నది మరొకరు అడగవలసిన ప్రశ్న. దీన్ని నేను పుస్తకాల్లో కాక నా తప్పు వల్ల నేర్చుకున్నాను.

చాలా ఏళ్ల కిందట గుంటూరుకు పడమటి వైపున్న ఒక మిర్చి ఊళ్లో విద్యార్థులతో సర్వే చేస్తున్నాను. ప్రశ్నావళి తయారు చేసింది నేనే. అందులో ‘మీకు ఎంత భూమి ఉంది?’ అన్న ప్రశ్న పెట్టాను. ఒక ఇంట్లో పెద్దాయన ‘సెంటు కూడా లేదండీ’ అన్నారు. మా విద్యార్థిని ‘భూమి లేదు’ అని రాసి, వృత్తి గడిలో ‘వ్యవసాయ కూలీ’ అని నింపింది. లేచి వస్తుంటే వసారా మూలన మందు కొట్టే పంపు, ఖాళీ అయిన పురుగుమందు డబ్బాలు, మిరప విత్తనాల కవర్లు కనిపించాయి. ‘ఇవి ఎవరివండీ?’ అని అడిగాను. ‘నావేనండీ. నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నా. మీరు సొంత భూమి సంగతి అడిగారు గదా’ అన్నారాయన. అప్పటికే ఆ వీధిలో సగం ఇళ్లు పూర్తిచేశాం. వెనక్కి వెళ్లి అన్ని ఇళ్లలోనూ ‘ఈ ఏడు మీరు ఏ పొలం దున్నారు? ఆ పొలం ఎవరిది?’ అని అడిగితే, ఉదయం మేము కూలీలుగా రాసుకున్నవారిలో పలువురు నష్టభయమంతా నెత్తిన వేసుకుని సాగు చేస్తున్న రైతులని తేలింది.

మా కాగితం మీద జరిగిన ఈ పొరపాటే ప్రభుత్వ రికార్డులో జరిగితే దాని ఫలితం మనిషి జీవితం మీద పడుతుంది. ఊరి భూమి, సాగు రికార్డు అయిన అడంగల్‌లో పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు (వాస్తవంగా సాగు చేస్తున్నవారి) పేరు రాయడానికి కూడా గడి ఉంది. కానీ కౌలు నోటిమాట మీద నడిచే చోట ఆ గడిలోనూ యజమాని పేరే కనిపించడం మామూలు. దాంతో బ్యాంకులో పంట రుణం యజమానికి పుడుతుంది, తుపానుకు పైరు పడిపోతే పెట్టుబడి రాయితీ యజమాని ఖాతాకు చేరుతుంది. కౌలు డబ్బు ముందే చెల్లించి, నూటికి రెండో మూడో రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చి, ఎండలో నిలబడి మందు కొట్టిన మనిషికి మాత్రం ఏమీ రాదు. అప్పుల బాధతో ఆ మనిషి చనిపోతే, ఆయన రైతేనని రుజువు చేసుకోవడం ఆయన భార్య భారమవుతుంది. 2004లో ఇలాంటి కుటుంబాల కోసం ప్రభుత్వం ఇచ్చిన 421 జీవోతో మొదలైన సాయం కోసం విచారణకు వచ్చే అధికారులు అడిగేది కాగితాలనే. నోటిమాట కౌలుకు కాగితం ఎక్కడిది?

దేశంలో కౌలు సాగు వాటా బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటని జాతీయ నమూనా సర్వేలు చూపాయి. ఆర్థికవేత్త జయతీ ఘోష్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన రైతు సంక్షేమ కమిషన్, వాస్తవంగా సాగు చేస్తున్నవారిని గుర్తించి నమోదు చేయాలనీ, వారికి సంస్థాగత రుణం అందించాలనీ గట్టిగా చెప్పింది. కౌలు రైతు సంఘాలు దాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి అడిగాక 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చి రుణ అర్హత కార్డులు మొదలయ్యాయి. దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఈ కొత్త చట్టం ప్రకారం కార్డు కావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం చేయాలి.

ఆ సంతకం దగ్గరే బండి ఆగిపోయింది. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయం యజమానుల్లో ఉంది. 1956 నాటి కౌలు చట్టం కౌలుదారుకు ఇచ్చిన రక్షణల జ్ఞాపకం నుంచి వచ్చిన భయమది. అదే పొలం మీద తానే పంట రుణం తీసుకుని ఉండటం మరో కారణం. కాబట్టి చట్టం రావడంతో పరిశోధన ముగియలేదు. చట్టం ఏ గడప దగ్గర ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో కనిపెట్టడం ఇప్పటి పని.

మహిళా రైతుల విషయంలోనూ ఇలాగే జరుగుతుందా?

ఇంకా ఎక్కువగా జరుగుతుంది. నాట్లు, కలుపు, కోత, కాయలు ఎండబెట్టడం, తాలు ఏరడం ఆడవారే చేస్తారు. పట్టాదారు పాసుపుస్తకం మాత్రం మగవారి పేరున ఉంటుంది. సర్వేకు వెళ్లినవారు ‘ఏం చేస్తారమ్మా?’ అంటే ‘ఇంట్లోనే ఉంటానండీ’ అని జవాబు వస్తుంది, అలాగే రాసుకుని వచ్చేస్తారు. ‘పొద్దున లేచింది మొదలు నిన్న ఏమేం చేశారు?’ అని అడిగి చూడండి. ఆ జవాబు ఒక పేజీలో పట్టదు.

పరిశోధన వల్ల నిజంగా ఏదైనా మారిందా? నివేదికలన్నీ బీరువాల్లోనే ఉంటాయి కదా?

బీరువాల్లో మూలుగుతున్న నివేదికలు చాలా ఉన్నాయి. అయితే నివేదిక తనంతట తాను బయటికి నడిచి రాదు. దాన్ని బయటికి తెచ్చేది ఉద్యమమో, కోర్టో, ఎన్నికలో. అవి వచ్చిన రోజుకు నిలబడగల సమాచారం సిద్ధంగా ఉందా లేదా అన్నదే శాస్త్రవేత్త బాధ్యత.

ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్లను ఉపకులాల వారీగా విభజించడం, దాని చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. రిజర్వేషన్ ఫలాలు షెడ్యూల్డు కులాలన్నిటికీ సమంగా అందడం లేదన్నది ఆ ఉద్యమం చెప్పిన మాట. ఇది రుజువు కావాలంటే ఏ ఉపకులంలో ఎంతమంది ఉన్నారు, బడిలో ఎంతమంది, ఉద్యోగాల్లో ఎంతమంది అన్న లెక్క కావాలి. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ ఆ లెక్క తీసింది, రాష్ట్రం చట్టం చేసింది, 2004లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రాలకు వర్గీకరణ అధికారం ఉందని చెబుతూనే, అది వాస్తవ గణాంకాల ఆధారంగా జరగాలని షరతు పెట్టింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకసభ్య కమిషన్ నివేదిక తెప్పించుకుని ఆ మీదట ఆర్డినెన్స్ తెచ్చింది. వర్గీకరణను సమర్థించేవారూ వ్యతిరేకించేవారూ ఇద్దరూ ఈనాడు వాదిస్తున్నది అంకెల మీదే. ముప్పై ఏళ్ల పాటు రోడ్డు మీద నడిచినవారి శ్రమను ఇది తక్కువ చేయదు. వారి మాటకు కోర్టులో నిలబడే రూపం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది.

రెండో ఉదాహరణ ఉపాధి హామీ పథకానిది. 2005లో వచ్చిన ఆ చట్టం రూపుదిద్దుకోవడంలో జాన్ డ్రేజ్ వంటి ఆర్థికవేత్తల కృషి ఉంది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. రాజస్థాన్‌లో కూలీ సంఘాలు మొదలుపెట్టిన సామాజిక తనిఖీని ప్రభుత్వ వ్యవస్థగా పెద్ద ఎత్తున నిలబెట్టిన రాష్ట్రం మాత్రం మనదే. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలే మస్టర్లు (పని హాజరు పట్టికలు) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ‘అమ్మా, మీరు పన్నెండు రోజులు పని చేసినట్టు ఇక్కడ రాసి ఉంది, నిజమేనా?’ అని అడిగి, తేలిన తేడాలను ప్రజావేదికలో అధికారుల ఎదుట చదివి వినిపిస్తారు. నా దృష్టిలో సామాజిక పరిశోధన తీసుకోగల అత్యుత్తమ రూపం ఇదే. ఇందులో ప్రశ్న అడిగేవారూ జవాబు చెప్పేవారూ ఒకే వాడకట్టు వారు.

శాస్త్రవేత్త నిష్పాక్షికంగా ఉండాలి కదా? ఒక పక్షం వహిస్తే అది శాస్త్రమవుతుందా?

ఏ ప్రశ్న అడగాలో ఎంచుకోవడంలో పక్షపాతం ఉండవచ్చు, తప్పదు కూడా. దొరికిన జవాబును ఉన్నదున్నట్టు రాయడంలో మాత్రం ఉండకూడదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే ఈ వాదన ఎప్పటికీ తెగదు.

డాక్టర్ అంబేడ్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర సదస్సుకు సమర్పించిన పత్రాన్ని విద్యార్థులతో చదివిస్తాను. కులం వల్ల స్వయంగా గాయపడిన ఇరవై ఐదేళ్ల యువకుడు రాసిన పత్రమది. అందులో ఆవేశం ఎక్కడా కనిపించదు. సొంత కులంలోనే పెళ్లి చేసుకోవాలన్న కట్టుబాటే కులానికి మూలమనీ, సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం ఆ కట్టుబాటును కాపాడటానికి పుట్టిన ఏర్పాట్లనీ ఒక్కో మెట్టు కడుతూ నిరూపిస్తారు. ఆయన ఏ పక్షాన ఉన్నారో అందరికీ తెలుసు. అయినా ఆ తర్కాన్ని కాదనాలంటే తర్కంతోనే కాదనాలి.

మన దగ్గర చుండూరు సంగతి తీసుకోండి. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్లో ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితులు పట్టుబట్టి, విచారణ జరిపే ప్రత్యేక న్యాయస్థానాన్ని ఆ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007లో అది 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఇలాంటి ఘటన జరిగిన ఊరికి వెళ్లే పరిశోధకులు ‘రెండు వైపులా తప్పుంది’ అని రాసి నిష్పాక్షికత సంపాదించుకోలేరు. భూమి ఎవరి చేతిలో ఉంది, సాంఘిక బహిష్కారం ఎన్నాళ్లు నడిచింది, పోలీసులు ఎక్కడ ఉన్నారు, తొలి తరం చదువుకున్న దళిత యువకులు ఊరి కట్టుబాట్లను ఎలా చూశారు అన్నవాటిని తేదీలతో, సాక్ష్యాలతో రాయడమే నిష్పాక్షికత. అలా రాసినది ఒక పక్షానికి అనుకూలంగా తేలితే ఆ తప్పు రాసినవారిది కాదు.

సామాజిక శాస్త్రం వల్ల కీడు జరిగిన సందర్భాలు లేవా?

ఉన్నాయి, మన పక్కనే ఉన్నాయి. ఈ శాస్త్రం నేర్చుకునేవారికి మొదటి నెలలోనే ఇది చెప్పాలి.

బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం పేరు వినగానే తెలుగువారికి సినిమాల్లోని దొంగలు గుర్తొస్తారు. ఆ ఊరు పుట్టడానికి కారణం నేరస్థ జాతుల చట్టం. 1871లో ఉత్తర భారతంలో మొదలైన ఆ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. కొన్ని కులాలవారు పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, పేర్లు నమోదు చేసి, హాజరు వేయించుకుని, సెటిల్‌మెంట్లలో కట్టడి చేశారు. అలా ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు స్టూవర్టుపురం. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరే దానికి పెట్టారు. ‘పుట్టుకతో నేరస్థులు’ అన్న మాటకు శాస్త్రం రంగు పూసినవారిలో ఆనాటి మానవశాస్త్రజ్ఞులు ఉన్నారు. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మనుషుల ముక్కులు, తలలు కొలిచి సంపుటాలు వేశారు. ఆ కొలతల విద్యను పోలీసులకు పాఠాలుగా కూడా చెప్పారు.

ఆ ముద్రను చెరపడానికి తోడ్పడినదీ సామాజిక శాస్త్రమే. మీనా రాధాకృష్ణ వంటి చరిత్ర పరిశోధకులు పాత రికార్డులు తిరగేసి, ఈ సంచార కుటుంబాలు ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా అమ్మి బతికినవేనని చూపారు. రైళ్లు రావడం, ఉప్పు మీద ప్రభుత్వ విధానాలు మారడం ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బతుకుదెరువు పోగొట్టుకున్నవారిని రక్తంలోనే నేరం ఉన్నవారిగా రాసుకున్నారు. స్వాతంత్ర్యం తర్వాత 1952లో చట్టం రద్దయింది. విజయవాడ పటమటలోని నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలత లవణం దంపతులు స్టూవర్టుపురంలో సంస్కరణ కోసం ఏళ్ల పాటు పనిచేశారు. ఇన్ని జరిగినా, ఆ ఊరి పేరు చెబితే ఉద్యోగం దొరకదన్న భయంతో మరో ఊరి పేరు చెప్పుకునే యువకులు నా తరగతిలో కూర్చున్నారు. ఒక తప్పుడు వర్గీకరణను కాగితం మీద నుంచి కొట్టివేయడానికి ఒక్క రోజు చాలు, మనుషుల నోళ్ల నుంచి తీసేయడానికి తరాలు పడుతోంది.

మార్పు తెచ్చేది ప్రజలు. మధ్యలో శాస్త్రవేత్తల గొప్ప ఏముంది?

గొప్ప ఏమీ లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన మహిళలు ఏ పరిశోధకుడినీ సలహా అడగలేదు. వారి ఉద్యమం వల్లే 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. అంతకు ముందు ఆ జిల్లాలో జరిగిన అక్షరాస్యత ఉద్యమం ఆడవారిని రాత్రిపూట ఒకచోట కూర్చోబెట్టింది. వాచకంలోని పాఠం తాగుబోతు భర్తల గురించి మాట్లాడింది, వారు ఆ పాఠాన్ని తమ ఊరికి అన్వయించుకున్నారు. ఆ వాచకాలు తయారు చేసినవారు పల్లె జీవితాన్ని దగ్గరగా చూసి ఉండకపోతే ఆ పాఠం ‘అరటి, ఆవు’ దగ్గరే ఆగిపోయేది. చదువుకున్నవారి వంతు అక్కడికే. తర్వాత 1997లో నిషేధం ఎందుకు సడలింది, రాష్ట్ర ఆదాయం మద్యం మీద ఎంతగా ఆధారపడింది అన్నవి విశ్లేషించడం కూడా వారి వంతే.

అమరావతి వంటి పెద్ద ప్రాజెక్టుల్లో వీరు చేయగలిగేది ఏమిటి?

2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అంచనా జరగాలి. భూమి లేకపోయినా ఆ భూమి మీద ఆధారపడి బతుకుతున్నవారిని కూడా ప్రభావిత కుటుంబాలుగా ఆ చట్టం గుర్తించింది. ఇది సామాజిక శాస్త్రవేత్తల చిరకాల వాదన చట్టంలోకి ఎక్కిన సందర్భం. అమరావతిలో 2015 నుంచి జరిగినది భూసేకరణ కాదు, భూసమీకరణ. రైతులు స్వచ్ఛందంగా ఇచ్చినట్టు లెక్క కాబట్టి ఈ అంచనా అవసరం పడలేదు. ముప్పై మూడు వేల ఎకరాలకు పైగా ఇచ్చిన రైతులకు ప్లాట్లు, కౌలు రూపంలో వార్షిక చెల్లింపులు ఇస్తామన్నారు. భూమి లేని పేద కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను ప్రకటించారు.

కృష్ణ ఒడ్డున జరీబు భూముల్లో ఏడాది పొడవునా ఏదో ఒక పంట ఉండేది. అరటి, కూరగాయలు, పూలు ఒకదాని వెంట ఒకటి పండే చోట కూలి పని రోజూ దొరికేది. అలాంటి ఇంట్లో ఇద్దరు ఆడవారు, ఒక మగమనిషి నెలలో ఎన్ని రోజులు పనికి వెళ్లేవారు, ఎంత తెచ్చేవారు, ఆ స్థానంలో 2,500 ఎంత వరకు సరిపోయింది అన్నది లెక్కించగల విషయం. రాజధాని కావాలా వద్దా అన్న చర్చకు దీనితో సంబంధం లేదు. రాజధాని కావాలని మనస్ఫూర్తిగా కోరుకునేవారికే ఈ లెక్క ముందుగా కావాలి.

సర్వే పేరుతో ఇంటికి వచ్చినవారికి జవాబు చెప్పి తీరాలా?

జనగణనకు జవాబు చెప్పడం చట్టరీత్యా బాధ్యత. విద్యార్థులు, పరిశోధకులు, సంస్థలు చేసే సర్వేలకు చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. ‘మీరెవరు, ఎందుకు అడుగుతున్నారు, మా పేరు ఎక్కడైనా రాస్తారా, ఫలితం మాకు చెబుతారా’ అని అడిగే హక్కు మీకుంది. మంచి పరిశోధకులు మీరు అడగకముందే ఇవి చెబుతారు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు, ఫోనుకు వచ్చే ఓటీపీ ఏ సామాజిక పరిశోధనకూ అవసరం లేదు. అవి అడిగితే వెంటనే తలుపు వేసుకోండి.

మా అమ్మాయి సోషియాలజీలో పీజీ చేస్తానంటోంది. భవిష్యత్తు ఉంటుందా?

ఇంజినీరింగ్ చదివినంత త్వరగా జీతం చేతికి రాకపోవచ్చు, ఆ మాట దాచను. అధ్యాపక వృత్తి, సివిల్ సర్వీసులు, గ్రూప్ పరీక్షలు, స్వచ్ఛంద సంస్థలు, సర్వే సంస్థలు, ప్రభుత్వ పథకాల మూల్యాంకనం ఇవన్నీ దారులే. గుంటూరు, విజయవాడల మధ్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది కాబట్టి దూరం వెళ్లనవసరం కూడా లేదు. చేరే ముందు గణాంకశాస్త్రం మీద భయం ఉంటే పోగొట్టుకోమనండి. కొత్తవారితో కూర్చుని ఓపికగా వినే గుణం ఉంటే మిగిలినవి నేర్చుకోవచ్చు.

మా వీధి సమస్య మీద మేమే సర్వే చేసుకోవచ్చా? ఎలా మొదలుపెట్టాలి?

చేసుకోవచ్చు. ముందుగా ఎవరిని ఒక కుటుంబంగా లెక్కించాలో తేల్చుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతా మునిగినప్పుడు ఈ ప్రశ్న ఎంత పెద్దదో అందరికీ అర్థమైంది. కింది అంతస్తు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు సాయం ప్రకటించారు. ఒకే డోర్ నంబరులో యజమాని, ఇద్దరు అద్దెదారులు ఉంటే ఆ ఇల్లు ఒకటా, మూడా? పెళ్లయిన కొడుకు వెనక గదిలో వేరుగా వండుకుంటుంటే? జనగణన దీనికి చక్కటి కొలబద్ద పెట్టుకుంది. ఒకే వంటింట్లో వండుకుని తినేవారు ఒక కుటుంబం. కాబట్టి తలుపులను లెక్కపెట్టకండి, పొయ్యిలను లెక్కపెట్టండి.

తర్వాత పది ప్రశ్నలకు మించకుండా రాసుకుని, ముందు నాలుగు ఇళ్లలో అడిగి చూడండి. వాడుక మాటల్లో అడగండి. కోతల కోసం గుంటూరు వచ్చే కర్నూలు కుటుంబాలు ఆ ప్రయాణాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. వారిని ‘వలస వెళ్తారా?’ అని అడిగితే లేదని చెప్పవచ్చు, అది అబద్ధం కాదు. మధ్యాహ్నం మాత్రమే తిరిగితే పనికి వెళ్లినవారు దొరకరు, వృద్ధులే దొరుకుతారు. అందుకే సాయంత్రం ఆరు దాటాక ఒకసారి, ఆదివారం ఒకసారి తిరగండి. మగవారు ఉన్నప్పుడు ఆడవారు చెప్పని సంగతులు ఉంటాయి కాబట్టి అడిగేవారిలో ఆడపిల్లలు ఉండటం అవసరం.

సర్వే పూర్తయ్యాక ఫలితం ఎవరికి ఇవ్వాలి?

ముందుగా చెప్పినవారికే ఇవ్వాలి. కలెక్టరు కార్యాలయానికి, పత్రికలకు, విశ్వవిద్యాలయానికి తర్వాత ఇవ్వవచ్చు. మొదట్లో చెప్పిన మిర్చి ఊరికి, తప్పు దిద్దుకున్న పట్టికలతో కొన్ని నెలల తర్వాత మళ్లీ వెళ్లాం. రామాలయం ముందు అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కో వీధి లెక్కా చదివి వినిపించాం. వింటున్నవారిలో ఒక పెద్దావిడ మధ్యలో లేచి, ‘బాబూ, చెరువు కట్ట మీద వాళ్లను రాయలేదేం?’ అన్నారు. మా దగ్గరున్న ఇళ్ల జాబితా పంచాయతీ నుంచి తెచ్చుకున్నది. కట్ట మీద గుడిసెలకు ఇంటి నంబర్లు లేవు, అందుకే అవి ఆ జాబితాలోనూ లేవు. చదవడం ఆపి, మా విద్యార్థులు ఇద్దరు ఖాళీ కాగితాలు తీసుకుని ఆవిడ వెంట కట్ట మీదికి వెళ్లారు.